ముప్పై ఒకటో నంబరు

పరాచోలో ఆగస్టంటే మూడింటికల్లా వాన.
అది దిగేలోపు
నలభై రెండు గిటార్లూ వినెయ్యాలి.

పేర్లుండవు. మెడకి దారం, దారానికి నంబరు.
వార్నిష్ ఇంకా పచ్చి వాసన వేస్తోంది.
పదిరోజుల కిందటి దాకా పలకలు ఇవి,
గొంతు తమదేనని వీటికింకా తెలీదు.

నా ఎడమ చెవిని ఎప్పుడో రంపం మిషను తినేసింది.
మిగిలింది కుడి చెవీ, దవడ ఎముకా.
అయినా ఏటేటా నన్నే పిలుస్తారు,
బహుశా మొహమాటం లేనిదాన్నని.

ముందు కన్ను.
ఒక కన్ను మూసి, మెడని తుపాకీలా ఎత్తి
తల నుంచి బ్రిడ్జి దాకా చూపు పారిస్తాను.
ఫ్రెట్ల అంచుల మీద బొటనవేలు నడిపిస్తాను,
గీరుకుంటే ఒక మార్కు పోయినట్టే.
ఆ తర్వాత పళ్ళ డాక్టరు అద్దమూ, వేలెడంత బల్బూ
గుండ్రటి నోట్లోంచి లోపలికి.

పైన పటారమో లోన లొటారమో
అక్కడ తేలిపోతుంది.
జిగురు కారి గడ్డకట్టిన చోట
పండగ ముందరి అప్పు కనిపిస్తుంది.
గరుకు కాగితం తగలని మూలలో
"ఎవరు చూడొచ్చార్లే" అని ఎవరో అనుకున్న మాట.
నేనొచ్చాను నాయనా, చూడ్డానికే.

పదిహేడో నంబరుకి వంక పెట్టలేకపోయాను.
అతుకు ఎక్కడుందో చెక్కకే గుర్తులేదు.
నా మొహం అందులో నాకంటే బాగుంది.
మీటితే ఒక్కో స్వరం
ఇస్త్రీ చేసిన యూనిఫాంలో వచ్చి
దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ముప్పై ఒకటి వేరే రకం.
వెనక అతుకు వెంట్రుకవాసి పక్కకి నడిచింది.
పొట్ట మీద కొమ్మ ముడి ఒకటి, దాన్ని తొలిచి
చిన్న బిళ్ళతో పూడ్చారు, మోకాలి చిరుగుకి అతుకేసినట్టు.
మూడో తీగ, అయిదో గడి: కుక్కలా మొరిగింది.
రాసుకున్నాను అన్నీ.
అప్పుడు కుండ కొనేవాళ్ళలా మెటికతో తట్టాను.
తట్టి, మళ్ళీ తట్టాను.
పెద్ద తీగ మీటి, దవడ ఆనించి కూచుంటే
శబ్దం దంతాల్లోంచి ఎక్కి
చచ్చిన చెవి వెనక తలుపు కొట్టింది.
పెన్సిలు ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

"పనితనం యాభై, నాదం యాభై,"
దోన్ ఎర్మెనెహిల్దో కూడికలు వేశాడు.
పదిహేడు: నలభై తొమ్మిదీ ముప్పై ఆరూ.
ముప్పై ఒకటి: ముప్పై ఏడూ నలభై ఎనిమిదీ.
రెండూ ఎనభై అయిదే.
సమానమైతే పనితనానిదే గెలుపని నిబంధన.
ఆ నిబంధన రాసిన ముగ్గురిలో నేనొకత్తిని.

అప్పుడు దిగింది వాన, అరగంట ముందే.
రేకుల కప్పు మీద చెవులు మూసేసే వాన.
కరెంటు పోయింది.
కొండ వెనక ఉరిమిన ఉరుముకి
ఎవరూ ముట్టుకోని బల్ల మీద
ఒకటి మూలిగింది, సన్నగా, చాలాసేపు.
ఏదని చూడక్కర్లేదు, బల్ల మీద నా చెయ్యి ఉంది.
ఇద్దరం మాట్లాడలేదు.
కాగితంలో దానికి గడి లేదు.

సాయంత్రం మెట్ల మీద ఒక కుర్రాడు ఆపాడు.
నసారియో ఎకివా, పంతొమ్మిదేళ్ళు,
కనుబొమల్లో రంపప్పొట్టు.
"దోన్యా ఎవులాలియా, ఆ ముడి వల్లేనా?"
"ముడినేం అనకు. వెనక అతుకు తిన్నగా వెయ్యి.
ఆ గిటారు మాత్రం అయిదేళ్ళు వాయించి
అప్పుడు తీసుకురా నా దగ్గరికి."

అతను తల గోక్కున్నాడు.
"ఇందాకే అమ్మేశాను, బస్సు దగ్గర.
ఎవరో ఊరెళ్తూ అడిగారు."

ఎంతకి, అన్నాను.
చెప్పాడు.
నా ఎడమ పక్క నిలబడి చెప్పాడు.
మళ్ళీ అడగలేదు నేను.